అండమాన్‌లో పిల్లలతో స్కూబా: ఎవరిని నమ్మి నీళ్ళలోకి దిగాలి?

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో చెప్తాను. మీది ప్రొద్దుటూరు. సంక్రాంతి సెలవుల్లో మీరు, మీ వారు, పదమూడేళ్ళ అబ్బాయి, తొమ్మిదేళ్ళ అమ్మాయి, అరవై నాలుగేళ్ళ మీ మామగారు అండమాన్ వెళ్తున్నారు. కడప ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన ప్యాకేజీలో ‘స్కూబా (వీపున సిలిండర్ గాలి పీలుస్తూ నీటి అడుగున ఈదడం) ఉచితం’ అని ఉంది. అబ్బాయి చిన్నప్పుడు ఇన్‌హేలర్ వాడేవాడు, మామగారు బీపీ మాత్రలు వేసుకుంటారు. ఇంటర్నెట్‌లో చూస్తే ప్రతి డైవింగ్ సెంటర్‌కూ పొగడ్తలే కనిపిస్తున్నాయి, ఎవరిని ఎంచుకోవాలో తెలియడం లేదని రాశారు.

నాది కర్నూలు. ఈత తుంగభద్రలో నేర్చుకున్నాను. డైవింగ్ నేర్చుకుని, చాలాకాలం ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసింది మాత్రం హావ్‌లాక్‌లో. (2018 నుంచి ఆ దీవి అధికారిక పేరు స్వరాజ్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. టికెట్ల మీద ఏ పేరు కనిపించినా కంగారు పడకండి.) కౌంటర్‌కు అవతలి వైపు నిలబడి చూసినవాడిగా ఒక్కటే చెప్తాను. మీరు అడిగే ప్రశ్నల కంటే మిమ్మల్ని ఎక్కువ ప్రశ్నలు అడిగే సెంటర్‌ను ఎంచుకోండి. మీ ఇంట్లో ఒకరికైనా ‘కుదరదు’ అని చెప్పగలిగితే అది మంచి సెంటరే అనుకోవచ్చు. ఆ ‘కుదరదు’ ఎవరికి రావాలో ఇక్కడి నుంచే చెప్పగలను. మీ అమ్మాయికి.

డైవింగ్ శిక్షణకు ప్రపంచవ్యాప్తంగా ఎక్కువగా కనిపించే సంస్థ ప్యాడీ, 1966లో మొదలైంది. ఎస్ఎస్ఐ కూడా అలాంటిదే. ఏ అనుభవమూ లేనివారిని ఇన్‌స్ట్రక్టర్ వెంట ఉండి నీళ్ళలోకి తీసుకెళ్ళే తొలి డైవ్‌కు ప్యాడీ నియమాల ప్రకారం కనీస వయసు పదేళ్ళు, గరిష్ఠ లోతు 12 మీటర్లు. ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలకు ‘బబుల్‌మేకర్’ అనే వేరే కార్యక్రమం ఉంది. అది ఈతకొలనులోనో, అలల్లేని లోతు తక్కువ నీటిలోనో రెండు మీటర్ల లోతు దాటకుండా చేసేది. అంతే తప్ప తొమ్మిదేళ్ళ పిల్లను పడవ మీద తీసుకెళ్ళి సముద్రంలో దించే ఏర్పాటు ఏదీ లేదు.

కాబట్టి ఫోన్ చేసినప్పుడు మొదట ఈ విషయమే చెప్పండి: ‘మా పాపకు తొమ్మిదేళ్ళు.’ ‘ఏం ఫర్వాలేదమ్మా, మా వాళ్ళు చూసుకుంటారు, తీసుకురండి’ అన్నారా, మర్యాదగా ఫోన్ పెట్టేయండి. పాపకు ఇంకా ఏడాది ఆగాలి, ఈలోగా స్నార్కెలింగ్ (నీటి పైనే తేలుతూ గొట్టంతో గాలి పీల్చడం) చేయించవచ్చు అన్నవారితో మాట కొనసాగించండి. వయసు పదేళ్ళని రాసేయమని సలహా ఇచ్చేవారు కూడా తగులుతారు. ఆ కాగితం మీద సంతకం మీదే అవుతుంది, గుర్తుంచుకోండి.

ఇక ‘ఉచితం’ సంగతి. అండమాన్‌లో తొలి డైవ్‌కు మామూలుగా మనిషికి నాలుగు నుంచి ఆరేడు వేల రూపాయలు తీసుకుంటారు. అందులో ఇన్‌స్ట్రక్టర్ సమయం, సామగ్రి, పడవ, ఫొటోలు అన్నీ ఉంటాయి. దాన్ని ఉచితం అన్నారంటే ఏజెంటు ఎక్కడో బాగా తక్కువ ధరకు టోకున మాట్లాడుకున్నాడన్నమాట. తక్కువ ధర మాత్రమే చూసి చెడ్డదని తేల్చను. ధర తగ్గినప్పుడు మొదట తగ్గేది మీకు కేటాయించే సమయం, ఆ తర్వాత ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది అనే లెక్క మారుతుంది. ఏజెంటును అడగాల్సింది సెంటర్ పేరు. ‘అక్కడికి వెళ్ళాక మా మనిషి చూసుకుంటాడు’ అంటే ఆయనకే తెలియదని అర్థం.

పేరు దొరికాక ఏం చూడాలి? గోడ మీద ప్యాడీ బోర్డు ఉండటం మంచిదే, కానీ బోర్డు నీళ్ళలోకి రాదు. మీతో దిగేది ఒక మనిషి. ఆ మనిషి ఇన్‌స్ట్రక్టరా, డైవ్‌మాస్టరా, లేక ఏ అర్హతా లేకుండా పని చూసి నేర్చుకున్న కుర్రవాడా అన్నది ముఖ్యం. సముద్రంలో తొలి డైవ్ చేయించాల్సింది ఇన్‌స్ట్రక్టరే. డైవ్‌మాస్టర్ అనేది పెద్ద మాటలా వినిపిస్తుంది గాని, అది ఇన్‌స్ట్రక్టర్ కంటే కింది మెట్టు. ప్రతి ఇన్‌స్ట్రక్టర్‌కూ ఒక నంబర్ ఉంటుంది. ప్యాడీ వెబ్‌సైట్‌లో ‘ప్రో చెక్’ అనే పేజీలో ఆ నంబర్ కొడితే ఆయన ప్రస్తుతం బోధించే హోదాలో ఉన్నాడో లేదో చూపిస్తుంది. నంబర్ అడిగితే నొచ్చుకునే ఇన్‌స్ట్రక్టర్‌ను నేను చూడలేదు. మేము దాని కోసం బోలెడు డబ్బూ, సమయమూ పోసినవాళ్ళం, అడిగితే సంతోషంగా చెప్తాం.

ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది? సముద్రంలో తొలి డైవ్‌కు నలుగురికి మించకూడదని నియమం. అది గరిష్ఠం, ఆదర్శం కాదు. మంచి సెంటర్లు ఒకరికి ఒకరు, మహా అయితే ఇద్దరికి ఒకరు ఇస్తాయి. మీ అబ్బాయికి మాత్రం విడిగా ఒకరు కావాలని పట్టుబట్టండి. ఇంకో విషయం, ఫొటోలు తీసేది ఎవరు? ఇద్దరిని చూసుకుంటూ అదే ఇన్‌స్ట్రక్టర్ కెమెరా కూడా పట్టుకుంటే, ఒక్కోసారి ఆయన కళ్ళు మీ వాడి మీద కాకుండా తెర మీద ఉంటాయి. ఫొటోగ్రాఫర్ వేరుగా ఉండాలి. లేకపోతే ఫొటోలు మానుకోండి.

మంచి సెంటర్ ఒక వైద్య ప్రశ్నావళి పంపుతుంది. వీలైతే మీరు ఇంట్లో ఉండగానే, ఫోన్‌కే పంపుతుంది. డబ్బు కట్టాక సముద్రపు ఒడ్డున పెన్ను చేతికిచ్చి ‘అన్నిటికీ లేదు అని టిక్ పెట్టండి’ అనే చోట్లు ఉన్నాయి. ఆ మాట విన్నచోట ఆగకండి. మీ మామగారి విషయంలో ఆ ఫారంలో సూటిగా ఒక ప్రశ్న ఉంటుంది: నలభై అయిదు దాటి, రక్తపోటో, కొలెస్టరాలో, పొగతాగే అలవాటో ఉందా అని. ఆయనకు ‘ఉంది’. అంటే డాక్టరు సంతకం లేకుండా దిగకూడదు. ఇది లాంఛనం కాదు. డైవింగ్‌లో జరిగే మరణాలలో గుండె జబ్బులది పెద్ద వాటా. బరువైన సామగ్రి మోయడం, కొత్తచోటి ఆందోళన, నీటి ఒత్తిడి అన్నీ ఒకేసారి గుండె మీద పడతాయి. బీపీ అదుపులో ఉండి రోజూ నడిచే మనిషికి డాక్టరు ఒప్పుకోవచ్చు. ఒప్పుకోకపోతే గాజు అడుగు పడవ ఉంది, ఆయన అందులో హాయిగా కూర్చుని పగడాలు చూడవచ్చు.

అబ్బాయి ఇన్‌హేలర్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఉబ్బసంలో శ్వాసనాళాలు బిగుసుకుంటే ఊపిరితిత్తుల్లో కొంత గాలి బయటికి రాలేక చిక్కుకుపోతుంది. మామూలు నేల మీద అది ఆయాసంతో పోతుంది. లోతు నుంచి పైకి వస్తున్నప్పుడు ఆ చిక్కుకున్న గాలి వ్యాకోచించి ఊపిరితిత్తినే చీల్చగలదు. కడపలోనో, తిరుపతిలోనో ఛాతీ వైద్యుణ్ణి కలిసి పరీక్ష చేయించండి. ఆ వైద్య ఫారంతోపాటు డాక్టర్ల కోసం రాసిన మార్గదర్శక పత్రం కూడా వస్తుంది. రెండూ అచ్చు తీయించి తీసుకెళ్ళండి. మన ఊళ్ళలో చాలామంది డాక్టర్లకు డైవింగ్ వైద్యంతో పని పడి ఉండదు, ఆ పత్రం చూస్తే ఏం పరీక్షించాలో వారికే తెలుస్తుంది. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల ఫారం మీద తల్లిదండ్రుల సంతకమూ ఉండాలి.

ఇప్పుడు మన సీమవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట. మనలో చాలామంది నడుముకు బెండ్లు కట్టుకుని బావుల్లో ఈత నేర్చినవాళ్ళం. ఊపిరి బిగపట్టి అడుగుదాకా వెళ్ళి మట్టి తెచ్చి చూపించినవాడే మొనగాడు. మీ వారు కూడా అలాంటి ఈతగాడే అని రాశారు. అందుకే ఆయన గురించి నాకు కాస్త భయం! స్కూబాలో ఎప్పుడూ చేయకూడని పని ఊపిరి బిగపట్టడమే. బావిలో పైన పీల్చిన గాలితో మునుగుతాం, లోపల అది నలుగుతుంది, పైకి వచ్చేసరికి మళ్ళీ ఎంత ఉన్నది అంతే అవుతుంది. స్కూబాలో అలా కాదు. పది మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలం మీద ఉన్నదానికి రెట్టింపు. అక్కడ సిలిండర్ నుంచి ఊపిరితిత్తుల నిండా పీల్చి, బిగపట్టి పైకి వస్తే ఆ గాలి రెట్టింపు చోటు అడుగుతుంది. ఊపిరితిత్తులకు అంత చోటు లేదు. ఒకటి రెండు మీటర్లు పైకి వచ్చినా నిండు ఊపిరితో ప్రమాదమే. అందుకే ‘నాకు ఈత వచ్చు’ అనేవారికి నేను ఎక్కువ సేపు పాఠం చెప్పేవాణ్ణి. ఈత రానివాడు చెప్పినట్టు నెమ్మదిగా పీలుస్తూ వదులుతూ ఉంటాడు. బావి ఈతగాడు భయం వేసిన క్షణంలో పాత అలవాటుకు పోతాడు.

దీన్నిబట్టి సెంటర్‌ను అంచనా వేయడానికి ఇంకో కొలత దొరుకుతుంది. లోతుకు వెళ్ళేముందు నడుము లోతు నీటిలో ఎంతసేపు ఉంచుతారని అడగండి. అక్కడ కనీసం మూడు పనులు మీ చేత చేయించాలి. మాస్క్‌లోకి వచ్చిన నీటిని ముక్కుతో ఊది బయటికి పంపడం, నోటిలోని రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే సాధనం) తీసి మళ్ళీ పెట్టుకుని అందులోని నీటిని వదిలించుకోవడం, ముక్కు మూసి మెల్లగా ఊది చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవడం. చెవి పోటు మొదటి రెండు మూడు మీటర్లలోనే మొదలవుతుంది, ఎందుకంటే ఒత్తిడి నిష్పత్తి ఎక్కువగా మారేది పైభాగంలోనే. జలుబుతో ఉన్న పిల్లవాడి చెవులు తెరుచుకోవు. ఆ రోజు డైవ్ మానాల్సిందే. ఈ మూడూ రాని మనిషిని చంక కింద పట్టుకుని నేరుగా లోపలికి లాక్కెళ్ళే చోట్లు ఉన్నాయి. మీరు ఏమీ చేయనక్కర్లేదు, అంతా మేమే చూసుకుంటాం అని గొప్పగా చెప్పేది వీళ్ళే.

సామగ్రి గురించి పెద్దగా తెలియకపోయినా కొన్ని పనులు చేయవచ్చు. సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదు, మనం పీల్చే గాలినే శుద్ధి చేసి సుమారు 200 బార్ ఒత్తిడికి నింపుతారు. రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని నాలుగైదుసార్లు పీలుస్తూ ఒత్తిడి మీటర్ ముల్లును చూడండి. పీల్చిన ప్రతిసారీ ముల్లు కిందికి పడి లేస్తుంటే సిలిండర్ వాల్వు పూర్తిగా తెరవలేదని అర్థం. గాలికి నూనె వాసనో పొగ వాసనో వస్తే ఆ సిలిండర్ వద్దనండి. కంప్రెసర్ లోపలికి ఇంజన్ పొగ చేరితే కార్బన్ మోనాక్సైడ్ కూడా చేరి ఉండవచ్చు, దానికి వాసన ఉండదు. గాలి పీల్చుకునే మౌత్‌పీస్‌లు రెండు ఉండాలి, ఒకటి అదనం. అబ్బాయికి పెద్దవాళ్ళ గాలి జాకెట్ తొడిగి బెల్టులు బిగిస్తే సరిపోదు, అది భుజాల మీదికి జారి ముఖానికి తగులుతుంది. చిన్న సైజు ఉందా అని ముందే అడగండి. అత్యవసర ఆక్సిజన్ పెట్టె పడవలోనో ఒడ్డునో ఉందా, చూపిస్తారా? దీనికి తడుముకుంటే మిగతావి అడగనక్కర్లేదు. డైవింగ్ వల్ల వచ్చే వ్యాధికి చికిత్స చేసే ఒత్తిడి గది పోర్ట్ బ్లెయిర్‌లోని నౌకాదళ ఆసుపత్రిలో ఉంది. హావ్‌లాక్ నుంచి అక్కడికి సముద్రం మీదుగా వెళ్ళాలి, కాబట్టి అప్పటిదాకా మనిషిని కాపాడేది ఈ ఆక్సిజనే.

కుటుంబంతో వెళ్ళేవారు మర్చిపోయేది ఇంకొకటి ఉంది. మీరిద్దరూ, అబ్బాయీ ఒకేసారి నీళ్ళలో ఉంటే ఒడ్డున అమ్మాయి దగ్గర ఎవరు? మామగారు ఉన్నారు కదా అనుకోకండి, అలలు వచ్చే తీరంలో తొమ్మిదేళ్ళ పిల్ల వెంట పరుగెత్తడం ఆయన పని కాదు. రెండు విడతలుగా దిగండి. మీ వారు, అబ్బాయి మొదట, మీరు తర్వాత. రెండు విడతలకు ఒప్పుకోని సెంటర్‌కు గుంపులతో పని ఎక్కువని అర్థం.

చివరి నిమిషంలో అబ్బాయి ‘నేను దిగను’ అనవచ్చు. ‘ఇంత డబ్బు కట్టాం, ఇంత దూరం వచ్చాం’ అనే మాట అప్పుడు మీ నోట రాకూడదు. ఎవరైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా డైవ్ మానుకోవచ్చు. ఇది డైవర్లందరూ పాటించే మర్యాద. అలా మానుకుంటే డబ్బులో ఎంత తిరిగి ఇస్తారో బుక్ చేసేటప్పుడే తేల్చుకోండి. అప్పుడు ఆ క్షణంలో డబ్బు గుర్తు రాదు.

రోజుల అమరిక మీ చేతిలోనే ఉంది. డైవ్ చేశాక శరీరంలో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి, అందుకే వెంటనే విమానం ఎక్కకూడదు. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు ఆగమని డైవర్ల భద్రత కోసం పనిచేసే డాన్ సంస్థ చెప్తుంది. నేనైతే పిల్లలున్నప్పుడు పూర్తిగా ఒక రోజు ఆగమంటాను. మీ ఏజెంటు స్కూబాను చివరి రోజు పెట్టి ఉంటే రెండో రోజుకో మూడో రోజుకో మార్పించండి. పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన రోజే పెట్టడమూ మంచిది కాదు. రాత్రంతా చెన్నైకి ప్రయాణం, తెల్లవారి విమానం, ఆపైన ఫెర్రీలో వాంతులు. అలాంటి మనిషి నీళ్ళలో ఏం వింటాడు? డైవ్‌కు ముందు రాత్రి మీ వారు మందు జోలికి పోకుండా చూసుకోండి, పొద్దున ఇడ్లీ లాంటిది తేలికగా తినండి.

హావ్‌లాక్‌లో మీకు అనుకూలమైనది ఒడ్డు నుంచి నడుచుకుంటూ దిగే చోటు. నేమో రీఫ్ అలాంటిదే. పడవ మీద నుంచి వెనక్కి పడే డైవ్‌ల కంటే, పాదాల కింద ఇసుక తగులుతూ మెల్లగా లోతు పెరగడం కొత్తవారికి ధైర్యాన్నిస్తుంది. అక్కడి తీరాలు చాలా చదును, ఆటు సమయంలో నీళ్ళు దూరంగా వెళ్ళిపోతాయి. అందుకే మంచి సెంటర్ సమయాన్ని ఆటుపోట్లు చూసి చెప్తుంది, ఒక్కోసారి తెల్లవారుజామునే రమ్మంటుంది. అది వారి మొండితనం కాదు. పోర్ట్ బ్లెయిర్ పక్కనున్న నార్త్ బే, పాత 20 రూపాయల నోటు వెనుక కనిపించే కొబ్బరిచెట్ల తీరం, పగటి పర్యాటకులతో కిటకిటలాడుతుంది. ప్యాకేజీలోని ‘ఉచిత’ స్కూబా అక్కడే అయ్యే అవకాశం ఎక్కువ. అక్కడ సముద్రపు అడుగున హెల్మెట్ పెట్టుకుని నడిచే ‘సీ వాక్’ కూడా ఉంది, అది స్కూబా కాదు, ఏది కొన్నారో చూసుకోండి.

పగడాల మీద నిలబడనిచ్చి ఫొటో తీసే సెంటర్‌ను నేను రెండో ఆలోచన లేకుండా వదిలేస్తాను. పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. చట్టం సంగతి అలా ఉంచినా, మిమ్మల్ని తేలించి నిలపడం చేతకానివాడే మిమ్మల్ని పగడం మీద నిలబెడతాడు.

అండమాన్ ఖర్చు ఎక్కువనిపిస్తే కర్ణాటకలోని మురుడేశ్వర్ గురించి ఆలోచించవచ్చు. అనంతపురం వైపు నుంచి చాలామంది అటే వెళ్తున్నారు, దర్శనమూ డైవింగూ రెండూ అవుతాయి. కానీ అక్కడ డైవ్ జరిగేది నేత్రాణి ద్వీపం దగ్గర, తీరం నుంచి దాదాపు 19 కిలోమీటర్లు. పడవలో గంటకు పైగా ఊగి, లోతు నీటిలోనే దిగాలి. ఒడ్డు నుంచి నడిచే వీలు లేదు. పిల్లలతో మొదటిసారికి నేను హావ్‌లాక్‌నే ఎంచుకుంటాను. ఒకవేళ నేత్రాణికి వెళ్ళినా, డైవ్ అయిన సాయంత్రమే కారెక్కి ఘాట్ రోడ్డులో సాగర పట్టణం వైపు రాకండి. ఎత్తు పెరిగితే శరీరానికి అది కొంతవరకు విమానం ఎక్కినట్టే. ఆ రాత్రి సముద్రపు ఒడ్డునే పడుకుని మర్నాడు బయలుదేరండి. పుదుచ్చేరిలో కూడా మంచి సెంటర్లున్నాయి, అక్కడ నీటి స్పష్టత రోజురోజుకూ మారిపోతుంది.

మీ ప్రయాణ బీమా పత్రంలో స్కూబా ఉందో లేదో చదవండి. చాలా పాలసీలు సాహస క్రీడలను మినహాయిస్తాయి, కొన్ని లోతు పరిమితి పెడతాయి.

కళ్ళజోడు గురించి కూడా అడిగారు. కళ్ళజోడుతో మాస్క్ పెట్టుకుంటే పక్కల నుంచి నీళ్ళు వస్తాయి, కాబట్టి కుదరదు. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు వాడుతుంటే వాటితోనే దిగవచ్చు, మాస్క్‌లోకి నీళ్ళొచ్చినప్పుడు కళ్ళు మూసుకుంటే చాలు. లెన్సులు లేకపోతే పవర్ అద్దాలున్న మాస్కులు కొన్ని సెంటర్లలో ఉంటాయి. మీ పవర్ ఎంతో ముందే ఫోన్‌లో చెప్పి, ఆ నంబర్ మాస్క్ ఆ రోజుకు పక్కన పెట్టమనండి. పవర్ ఒకటి లోపు అయితే ఏదీ అక్కర్లేదు, నీళ్ళలో వస్తువులు ఎలాగూ మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి.